లీలావతమ్మ హస్తవాసి

"మా వోడి కాలికి మీరే కట్టు కట్టాలండీ. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను," అంటూ ఓడలరేవు నుంచి వచ్చిన పెద్దింట్లమ్మ ఆసుపత్రి మంచానికి అడ్డంగా నిలబడింది. పడవ మోటారు ఫ్యాను తగిలి చీరుకుపోయిన కొడుకు పాదం మీద గుడ్డ ఆకుపచ్చ చీముతో తడిసి ఉంది.

"ఆయ్, ఇప్పుడే వస్తానండి," అని నర్సు లీలావతి డాక్టరు ప్రకాశరావు గారి గదిలోకి వెళ్ళింది.

"కాకినాడ నుంచి చీము పరీక్ష రిపోర్టు వచ్చిందమ్మా. మన వార్డులో పుళ్ళన్నిట్లోనూ ఒకటే క్రిమి. కండని తినేసే రకం. మన దగ్గరున్న ఏ మందుకీ లొంగట్లేదు."

"ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి ఎలా పాకిందండీ?"

ఆయన ఆవిడ చేతులకేసి చూసి, చప్పున చూపు తిప్పుకున్నారు.

"మంచం మంచానికీ చేతులు కడుక్కుంటూనే ఉన్నానండీ! ఆ బేసిన్లో మందునీళ్ళతోనే!"

"ఆ మందునీళ్ళలోనే పెరుగుతోందమ్మా అది. మీరు చెయ్యాల్సిందే చేశారు."

"మరి ఆ కుర్రాడండీ?"

"కాలు తీసేసినా దక్కుతాడని చెప్పలేను."

లీలావతి బేసిన్ పారబోసింది. చర్మం మండేదాకా సబ్బుతో చేతులు రుద్దుకుంది. వార్డులోకొచ్చి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఇవాళ సలోమి సిస్టరు కడతారండీ."

"అదేంటమ్మా! మీ హస్తవాసి మంచిదని వార్డంతా చెప్పుకుంటున్నారు. ఈ చెయ్యి పడితేనే మా వోడు బతికేది," అంటూ పెద్దింట్లమ్మ ఆ చేతులు ముందుకు లాక్కుని కళ్ళకద్దుకుంది.