చంకకర్రల చప్పుడు

టక్... టక్... టక్.

ఆస్పత్రి వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు చంకకర్రల మీద నడుస్తున్నాడు ఒక ముసలాయన.

అసలే ఆపరేషన్ భయంతో బిగుసుకుపోయి కూర్చున్న ఆర్వోకు ఆ చప్పుడు చిర్రెత్తించింది.

"కాస్త కూచోవయ్యా బాబూ! కాళ్లరిగేదాకా నడుస్తానని ఏమైనా మొక్కుకున్నావా?"

"ఈపూట నడవాల్సిందే అన్నా," అని నవ్వి, మళ్లీ నడిచాడు ముసలాయన.

ఆర్వోకు డెబ్బై ఒకటి. కెనడాలోని థండర్ బేలో కాగితం మిల్లు నుంచి రిటైరయ్యాడు. తుంటిలో వేసిన కీలుకు చీము పట్టింది. దాన్ని పీకేసి, మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, మూడు నెలలు సూదిమందులు ఎక్కించారు. ఈరోజు మళ్లీ కోసి కొత్త కీలు వేయాలి.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "కోసినచోటే కోయడం ఇది మూడోసారి. ఎముక పల్చబడింది. మళ్లీ చీము పడితే కాలు దక్కకపోవచ్చు, ఒక్కోసారి ప్రాణమే దక్కదు. ఒంటిమీద చిన్న పుండున్నా ముందే చెప్పండి."

ఆర్వో చెప్పలేదు.

మొన్న గడ్డకట్టిన సరస్సు మీద పట్టుకొచ్చిన చేపను కోస్తుంటే, రెక్క ముల్లు ఎడమ బొటనవేలిలో దిగింది. వేలు ఉబ్బింది. తాతలు ఫిన్లాండు నుంచి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో అన్ని రోగాలకూ మందొక్కటే, ఆవిరిగది. రెండు పూటలా ఆవిరి పట్టి, పైన ఉన్ని గ్లౌజు తొడుక్కున్నాడు. ఈ తేదీ పోతే మళ్లీ ఎన్ని నెలలకో!

టక్ టక్ చప్పుడు అతని ముందు ఆగింది.

"అన్నా, ఒక్క చేతికే చలేస్తోందా?"

"నీకెందుకు?"

"ఓసారి తీసి చూపించు."

"చేప ముల్లయ్యా. అదీ ఒక పుండేనా? పొద్దున కూడా ఆవిరి పట్టాను."

గ్లౌజు అంచు దాటి మణికట్టు మీదికి ఎర్రటి చార పాకుతోంది. ముసలాయన మొహం పాలిపోయింది.

"డాక్టరమ్మకు చెప్పు."

"చెబితే తేదీ పోతుంది. నోరు మూసుకుని నీ నడకేదో నువ్వు నడువు."

ముసలాయన గోడగడియారం వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తిన్నగా నర్సు బల్ల దగ్గరికి నడిచాడు.

పావుగంటలో ఆర్వో ఆపరేషన్ ఆగిపోయింది.

ఇంకో పావుగంటకు నర్సు వచ్చి ముసలాయన్ను పిలిచింది. "మీ వంతు ముందుకొచ్చిందండీ, పదండి."

ఆర్వోకు ఒళ్లు మండిపోయింది. "దొంగా! నా వంతు కొట్టేయడానికా చాడీలు చెప్పావు?"

ఎర్ర ఉన్ని చుట్టిన చంకకర్రలను గోడకు ఆనించి, ముసలాయన చక్రాల కుర్చీలో కూర్చున్నాడు.

"చెయ్యి జాగ్రత్త అన్నా," అన్నాడు వెళ్తూ.

ఆర్వో వేలు కోసి చీము తీశారు. ఆ వేలితో ఆపరేషన్ బల్లెక్కి ఉంటే విషం నేరుగా కొత్త కీలులోకి దిగేదని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. అయినా ఆర్వో కడుపుమంట చల్లారలేదు. తన వంతు ఎగరేసుకుపోయిన దొంగ గురించి ఊరి ఆవిరిగదిలో కనబడ్డవాడికల్లా చెప్పాడు.

రెండు నెలల తర్వాత మళ్లీ అదే వరండా. ఈసారి చేతికి గ్లౌజు లేదు.

ఒకావిడ వచ్చి నర్సు బల్ల మీద చంకకర్రలు పెట్టింది. "మీ ఆస్పత్రివేనమ్మా. తిరిగిచ్చేద్దామని తెచ్చాను."

పిడులకు ఎర్ర ఉన్ని. ఆర్వో ఊరుకోలేకపోయాడు.

"ఏమ్మా, మీ ఆయనకు కర్రలతో పని తీరిందన్నమాట! నా వంతు కొట్టేసి వేయించుకున్న కొత్త కీలు బాగా ఆడుతోందా?"

ఆవిడ తిరిగి చూసింది. అతని మొహం కన్నా ముందు అతని బొటనవేలు చూసింది.

"చేప ముల్లాయన మీరేనా? నర్సు చెప్పింది. కొత్త కీలు కాదండీ. ఎప్పుడో మడమ మీద పుండు దాచి బల్లెక్కాడు. అప్పట్నుంచి నాలుగుసార్లు కోశారు. ఇక కోయడానికి ఎముకే మిగల్లేదు. ఆ రోజు తుంటి మొదలంటా కాలు తీసేశారు. గుండె తట్టుకోలేదు, బల్ల మీదే పోయాడు."

ఆర్వోకు సిగ్గుతో తల వాలిపోయింది.

"నాది ఆగిపోతే తన వంతు ముందుకొస్తుందని... ఆయనకు తెలీదా?"

"తెలుసు. ముందున్నాయన ఆపరేషన్ అయ్యేదాకా మూడు గంటలుంది కదా, అంతసేపూ రెండు కాళ్ల మీద కరువుతీరా నడుస్తాను, ఆఖరి రెండడుగులు నీ చెయ్యి పట్టుకుని వేస్తాను అని, నన్ను కాఫీ తాగి రమ్మన్నాడు."

ఆవిడ కర్రల మీది ఉన్ని సవరించింది.

"నేను పైకొచ్చేసరికి గోడకు ఈ కర్రలే ఉన్నాయండీ."