నీళ్ళు వచ్చిన దారి

"మునిగిన ఊరు మళ్ళీ మునుగుతోంది నాయనా," అంది పెద్దావిడ, చుట్టిన పటాన్ని బల్ల మీద పెడుతూ. "ఈసారి కాగితంలో."

జిగురు మాస్టారు నవ్వలేదు. పాత కాగితాలు బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళు సగంమంది ఇలాగే మాట్లాడతారు. చిరిగింది కాగితమే అయినా చెప్పుకునేది ఇంకేదో ఉంటుంది.

పటం విప్పి నాలుగు మూలలా ఇసుక సంచులు పెట్టారు. ఎవరో ఓపిగ్గా చేత్తో గీసిన ఊరి పటం. వెనక గుడ్డ అంటించి ఉంది. ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళ కిందికి పోయిన ఊరు అది. రేవు, పెద్దవీధి, బడి, ప్రతి ఇంటికీ మినపగింజంత చదరం. ఇప్పుడా ఊరు ఉన్నది ఈ కాగితం మీదే.

నడిమధ్యలో చిల్లు పడింది.

"ముందు మా ఇల్లు పోయింది. తర్వాత పక్కింటి దర్జీ వాళ్ళది. ఇప్పుడు బడి గోడ దాకా వచ్చేసింది. ఇదుగో చూడు, నీళ్ళు వచ్చిన దారి."

నిజమే. రేవు దగ్గర మొదలైన బూడిదరంగు చార ఒకటి పెద్దవీధి వెంట వచ్చి, బడి దగ్గర మలుపు తిరిగి, సరిగ్గా ఆ చిల్లులో కలుస్తోంది. ఏరు ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టుంది.

"నీళ్ళు వాటంతటవి వస్తాయా? ఎవరో దారి ఇవ్వాలి," పెద్దావిడ గొంతు పెంచింది. "ఈ మహాతల్లే తడిగుడ్డ పెట్టి తుడిచేసింది!"

గుమ్మంలో నిలబడ్డ కోడలు తలెత్తింది. "నేను దాని జోలికే పోలేదు అత్తయ్యా."

"పోకపోతే నా ఇల్లేమైంది? కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిపోయిందా?"

కోపంతో దగ్గు ముంచుకొచ్చింది ఆవిడకి. మంచినీళ్ళ కోసం వరండాలోకి వెళ్ళింది. కోడలు గబగబా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ గదంటేనే నాకు భయం మాస్టారూ. మధ్యాహ్నం అయ్యేసరికి తలుపేసుకుంటారు. 'ఏం వదినా, బట్టలు ఉతికేశావా?' అని ఎవర్నో పలకరిస్తారు. 'దర్జీ బాబాయ్, నా రవిక ఎప్పుడిస్తావ్?' అంటారు. అందరూ ఎప్పుడో పోయినవాళ్ళే. బయట నిలబడితే సర్‌సర్‌మని గోడ మీద ఏదో పాకుతున్న చప్పుడు. నీళ్ళో, పురుగో, ఇంకేమిటో!"

"పటానికి అద్దం వేయించాల్సింది కదమ్మా."

"మా ఆయన వేయించారు. ఊరికి ఊపిరాడదని అత్తయ్య తీయించేశారు."

మాస్టారు అప్రయత్నంగా గోడ వైపు చూశారు. అక్కడ ఆయన భార్య ఫొటో ఉంది. ఆవిడ పోయిన వారంలోనే దానికి అద్దం వేయించారు. రోజూ పొద్దున్నే ఆ అద్దం తుడుస్తారు. సాయంత్రానికల్లా మళ్ళీ మసకబారుతుంది.

"ఇక ఒకే ఇంట్లో కుదరదని మా ఆయన అత్తయ్య కోసం వేరే వాటా చూశారు," అంది కోడలు. "కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకు జ్వరమొస్తే రాత్రంతా కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి మాస్టారూ. నేనే చెరిపేశానని నమ్ముతూ ఒంటరిగా వెళ్ళిపోతారేమోనని... మీ మాట వింటారు. నిజమేమిటో మీరే తేల్చాలి."

మాస్టారు భూతద్దం అందుకున్నారు.

పురుగు తింటే వంకరటింకర సొరంగాలు ఉంటాయి. నీళ్ళు తాకితే ఆరినచోట గోధుమరంగు గీత మిగులుతుంది. తడిగుడ్డతో తుడిస్తే సిరా అలుక్కుపోతుంది. బ్లేడు తగిలితే అంచు నున్నగా తెగుతుంది. ఇక్కడ ఇవేవీ లేవు. చార మీద తెల్లటి దూది మెల్లగా అద్ది, వాసన చూశారు. దూదికి అంటిన జిడ్డుని వేళ్ళ మధ్య నలిపి చూశారు.

పెద్దావిడ తిరిగొచ్చింది. "తేలిందా నాయనా? ఎవరి పని?"

కోడలు తలుపు రెక్క పట్టుకుంది.

"చెబుతానమ్మా. ఉల్లిపొర కాగితంతో చిల్లు పూడుస్తాను. కానీ మీ ఇల్లు ఎక్కడుండేదో నాకు తెలియాలిగా? రేవు నుంచి ఇంటికి ఎలా వెళ్ళేవారు?"

"ఎలా ఏమిటి? కళ్ళు మూసుకుని వెళ్ళిపోనూ!" మొదటిసారి నవ్విందావిడ. "కానీ దీన్ని గోడకి ఎత్తి పట్టుకోవాలి. ఊరు ఇలా వెల్లకిలా పడుకుంటే నేనెక్కడ నడవను?"

మాస్టారు ఒక అంచు పట్టుకున్నారు. రెండో అంచు పట్టుకోవడానికి కోడలి వైపు చూశారు. ఆమె బెరుకుగా అత్తగారి వైపు చూసింది. ఆవిడ మూతి ముడిచిందే గానీ వద్దనలేదు. పటం గోడకి ఆనింది.

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ముఖంలో ముడతలన్నీ సర్దుకున్నాయి.

"ఏం వదినా, బట్టలు ఉతికేశావా?"

గదిలో సర్‌సర్‌మని చప్పుడైంది. కోడలు ఉలిక్కిపడింది.

పెద్దావిడ చూపుడువేలు రేవు దగ్గర బయల్దేరి, ఆ బూడిదరంగు చార నుంచి వెంట్రుకవాసి కూడా పక్కకి తొలగకుండా పెద్దవీధి వెంట నడిచి, బడి దగ్గర మలుపు తిరిగి, చిల్లులోకి దిగి, అందులో సరిగ్గా సరిపోయింది.