చిలుక ముక్కు

"దుప్పటి కప్పు! జల్ది కప్పు!"

దశరథం కేకకు అతని పెండ్లాం యాదలక్ష్మి ఉరికొచ్చి మగ్గం మీద దుప్పటి పరిచింది.

గుమ్మంలో ఎవరో ముసలాయన.

రామన్నపేట దగ్గరి ఆ నేతగాళ్ల వాడకట్టులో పరాయివాడు గడప తొక్కితే నేత కప్పేయడం రివాజు. దశరథం ఇంటి చీరల మీది చిలుక బొమ్మ మరీ పదిలం. ఇంకెవరికీ చేతకాని చిలుక. తండ్రి పోతూ పోతూ అప్పజెప్పిన ఆస్తి అదొక్కటే.

ఆ చిలుక చీరే ఈసారి పట్నంలో జరిగే నుమాయిష్ ప్రదర్శనకు పోవాలి. కానీ చేనేత సొసైటీ ఇచ్చిన కొత్త డబ్బా రంగు దశరథాన్ని ఏడిపిస్తోంది. రంగు అంటకూడని చోట నూలుకు ఎంత గట్టిగా దారం చుట్టి ముంచినా, కట్టు కిందికి ఎరుపు పాకి చిలుక ముక్కు అలుక్కుపోతోంది. ముక్కు తేలకపోతే నుమాయిష్ చీర నేసే అవకాశం ఇంకో ఊరి మగ్గానికి పోతుంది.

ముసలాయన దండెం మీది నూలు చూశాడు.

"దారంతోని కట్టినవా బిడ్డా?"

"ఆఁ. అయితేంది?"

"పాత సైకిల్ ట్యూబును సన్నగ పట్టీలు కోసి, గుంజి కట్టు. రంగు సొరదు."

పొద్దున్నుంచీ వాడకట్టంతా ఆ ముసలాయనది ఇదే పనట. ఒకరికి తెగిన పోగు ముడి కనబడకుండా అతికే ఒడుపు, ఇంకొకరికి గంజిలో ఆముదం చుక్క వేసే కిటుకు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

ఊరికే ఇచ్చేవాడంటేనే దశరథానికి గుబులు.

"గివన్ని ఎందుకు చెప్తున్నవ్ తాతా? నీకేం కావాలె?"

"నీ చిలుకను ఒక్కపారి చూసి పోత."

"అగో, బయటపడ్డది అసలు సంగతి!" దశరథం మగ్గానికి అడ్డం నిలబడ్డాడు. "చూసినోడు కట్టకుంట ఉంటడా?"

"నేను కట్టను బిడ్డా. ముక్కు వంపు మరిసిన. గంతే."

"మా ఇంట్ల చిలుకను నువ్వెన్నడు చూసినవ్, మరిసేటందుకు?"

ముసలాయన దుప్పటి కప్పిన మగ్గాన్ని చూసి, ఎందుకో సంతోషపడ్డట్టు తలూపాడు.

"మంచిగ దాస్తున్నవ్. గట్లనే దాసుకో."

"నడువు, నడువు! మల్ల గీ వాడకట్టుల కనబడ్డవో, మర్యాద దక్కదు."

అతను వెళ్లిపోయాక యాదలక్ష్మి ఊరుకోలేదు.

"ట్యూబు సంగతి మాత్రం మంచిగనే పుచ్చుకుంటివి. దుప్పటి కొస జర ఎత్తితె ఏం పోయేది?"

"నోర్మూసుకో. గా చిలుక పోతె మనకింకేమున్నది?"

ఆ పూటే దశరథం సైకిల్ ట్యూబు తెచ్చి పట్టీలు కోశాడు.

ముక్కు తేలింది. కత్తితో కోసినట్టు తేలింది.

సంతోషం మాత్రం రాలేదు. నేస్తుంటే ప్రతి ముక్కు దగ్గరా ముసలాయన ముఖమే కనబడేది. తప్పేం చేయలేదని తనకు తానే చెప్పుకునేవాడు. చెప్పుకోవలసి రావడమే మంటగా ఉండేది.

చీర మగ్గం దిగిననాడే తల్లి బాలనర్సమ్మ ఆత్మకూరులో కూతురి కాన్పు చూసుకుని వచ్చింది. ఆ చీర కొంగు మీద చెయ్యి పెట్టి మురిసిపోయింది.

"మీ నాయినకు గూడ గింత సాఫుగ రాలే. ఎవలు చెప్పిండ్రు గీ ఒడుపు?"

"ఎవడో తిక్క ముసలాయన. చిలుకను చూస్తనని పట్టుకున్నడు. ఎల్లగొట్టిన."

"పేరు కాటమయ్యనట," అంది యాదలక్ష్మి. "పక్కింటోళ్లకు చెప్పిండట."

బాలనర్సమ్మ చెయ్యి చీర మీదే ఆగిపోయింది.

"ఏ ఊరికి పోయిండు?"

"ఎవలం అడగలే అత్తా. మోటరెక్కిండట. నెల కావస్తాంది."

బాలనర్సమ్మ గడప దాకా పోయి వీధిలోకి చూసింది.

"ఏందమ్మా?" దశరథం వెనకే వచ్చాడు. "ఎవలాయన?"

"నేత గిట్టక మీ నాయిన మగ్గం ఇడిసిపెట్టి మట్టి పనికి పోబోయిన నాడు, తన ఇంటి చిలుకను తెచ్చి మీ నాయిన చేతుల పెట్టి, ఇగ నా ఇంట్ల దీన్ని ఎన్నడు కట్టనని మాటిచ్చి పోయింది గాయినెనే, కొడుకా."