పుస్తకంలో లేని బీపీ

మార్చి 9, ఉదయం ఎనిమిది. ఆటో వచ్చేలోపు రాస్తున్నాను. సాయంత్రం రాస్తే నాకు అనుకూలంగా రాసుకుంటాను.

ఇంట్లో అందరి బీపీ రోజూ నేనే చూసి పుస్తకంలో ఎక్కిస్తాను. ఇవాళ గిన్నెలు తోమే ఆమె వస్తూనే వంటగది గుమ్మంలో కూలబడింది. పెదవులు పాలిపోయాయి.

"చెయ్యి చాపు," అన్నాను.

"నాకెందుకమ్మగారూ? బీపీలు మీలాంటి పెద్దింటివాళ్ళకి. మాకు ఆకలి తప్ప వేరే జబ్బు రాదు," అని నవ్వబోయి ఆయాసపడింది.

పట్టీ చుట్టాను. పై అంకె నూట తొంభై ఆరు, కింది అంకె నూట పన్నెండు. మళ్ళీ చూశాను. తగ్గలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"రెండేళ్ళు దాటింది. మీ ఏడో అంతస్తుకి చేరేసరికి తలప్రాణం తోకకొస్తుంది."

"నోరు లేదూ? చెప్పకూడదూ?"

"చెబితే ఇంకో మనిషిని పెట్టుకుంటారుగా!"

పుస్తకం తెరిచి పేజీలు వెనక్కి తిప్పాను. పదకొండేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. నా పుస్తకంలో ఆమెకు ఒక్క గీతైనా లేదు.

ఇక జరగవలసినవి:

1. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాలి. డాక్టరు చెప్పింది ఆమెకు అర్థమయ్యేదాకా అక్కడే ఉండాలి.

2. నెల రోజులు సెలవు. జీతం కోయకూడదు. గిన్నెలు మేమే తోముకోవాలి.

3. కింద లిఫ్టు తలుపుకున్న కాగితం చింపెయ్యాలి: "పనివాళ్ళు మెట్లే ఎక్కవలెను. ఆరోగ్యానికి మంచిది."

4. ఆ కాగితం రాసింది నేనని ఆమెకు చెప్పాలి. చదువు రాదు కనుక, అది వాచ్‌మన్ పెట్టిన రూలని ఇన్నాళ్ళూ అతన్నే తిట్టుకుంటోంది.