తెల్ల పట్టీ

"మళ్ళీ చెబుతున్నా. పేర్లు అడగొద్దు, ఊహించొద్దు," అన్నాడు సెక్రటరీ, నాలుగు కాగితాలూ బల్ల అంచుకి సమంగా సర్దుతూ.

సేవా సంఘం వాళ్ళంతా నవ్వారు. ఈ మాట పన్నెండేళ్ళుగా వింటున్నారు మరి. వెనకాల ఆయన్ని రూల్సాయన అంటారు. ముందు కూడా అనేస్తారు, ఆయన ఏమీ అనుకోడు కనక.

గది మధ్యలో కుర్చీ మీద ఆక్సిజన్ మిషన్ ఉంది. సంఘానికి కొత్తగా వచ్చింది. ఊరంతటికీ ఇదొక్కటే. ఊపిరి చాలని వాళ్ళు నాలుగిళ్ళ నుంచి అర్జీ పెట్టుకున్నారు. ఏడాదిపాటు ఎవరింట్లో ఉండాలో ఇవాళ తేల్చెయ్యాలి.

రూలు ఆయన పెట్టిందే. ఒకప్పుడు చక్రాల కుర్చీ వస్తే అప్పటి ప్రెసిడెంటు సొంత బావమరిదికి ఇచ్చుకున్నాడు. ఊరు దుమ్మెత్తిపోసింది. అప్పట్నుంచీ అర్జీలన్నీ సెక్రటరీయే తన చేత్తో తిరగరాస్తాడు. పేరు మీద తెల్ల పట్టీ అంటిస్తాడు. అందరూ చేతులెత్తి తేలుస్తారు. గెలిచిన కాగితం పట్టీ అందరి ముందూ ఊడదీస్తారు. మిగతావి పేరు చూడకుండా చించేస్తారు.

"పోయినేడాది దాకా టీ మీ ఇంటినుంచే వచ్చేది. వదినగారికి మా మీద కోపమొచ్చిందేమిటి?" అంది నర్సమ్మ, ఫ్లాస్కు మూత తిప్పుతూ. ఆవిడ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది.

"దానికి తీరిక ఉండట్లేదు," అని సెక్రటరీ కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

ఒకటో నంబరు, మూడో నంబరు మొదటి విడతలోనే పోయాయి. రెండో నంబరుది రంపం మిల్లులో పని. పొట్టు పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నాలుగో నంబరుని మాత్రం సెక్రటరీ గుక్కతిప్పుకోకుండా చదివేశాడు.

"ఏమిటండీ, బస్సు వెళ్ళిపోతున్నట్టు! మళ్ళీ చదవండి," అన్నాడు టైలరు.

మళ్ళీ చదివాడు. "పడుకుంటే ఊపిరాడదు. గోడకి రెండు దిండ్లు చేర్చుకుని కూర్చునే నిద్రపోతుంది. ఇన్నేళ్ళలో మేము ఎవరినీ ఏదీ అడగలేదు. ఇవ్వడం కుదరకపోతే ఫరవాలేదు."

"ఫరవాలేదని వాళ్ళే అంటున్నారుగా! ఇంకేం, మన పని తేలికైపోయింది," అన్నాడు ప్రెసిడెంటు.

అందరూ గొల్లుమన్నారు.

"అడగడానికొచ్చి కూడా బింకం చూడండి," అన్నాడు టైలరు. సెక్రటరీ కూడా నవ్వాడు.

"నవ్వకండి," అంది నర్సమ్మ. "కూర్చుని నిద్రపోవడమంటే ఏమిటో మీకు తెలీదు. అలాంటివాళ్ళని నేను చూశాను. ఎక్కువ రోజులు ఉండరు."

నవ్వులు ఆగిపోయాయి. చేతులు లేచాయి. రెండుకి ఆరు, నాలుగుకి ఆరు.

సమానమైతే తప్ప సెక్రటరీ చెయ్యెత్తకూడదు. అదీ రూలే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ అవసరం రాలేదు.

"ఇక మీదే భారం," అన్నాడు ప్రెసిడెంటు.

సెక్రటరీ కాగితాల వంక చూశాడు. నాలుగో దాని మీద పట్టీ మూల కొంచెం లేచింది. బొటనవేలితో అదిమిపెట్టాడు. వేలు తియ్యలేదు. నర్సమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది.

"రెండుకి," అని చెయ్యెత్తాడు. అది భుజం దాకా కూడా లేవలేదు. "చిన్నపిల్లలున్నారు."

"శభాష్! ధర్మకాటా అంటే మీరేనండీ!" ప్రెసిడెంటు ఆయన వీపు తట్టాడు. సంఘంలో పొగడ్తలకి ఎప్పుడూ కొరత లేదు, వాటికి చేతులెత్తే పని కూడా లేదు.

పట్టీ ఊడదీశారు, పేరు చదివారు, చప్పట్లు కొట్టారు. మిషన్ని ఇద్దరు ఎత్తుకోబోతుంటే సెక్రటరీ అడ్డం వెళ్ళాడు.

"గోడకి జానెడు దూరంలో పెట్టమనండి. నీళ్ళ సీసా రోజూ కడగాలి. ట్యూబు ఒంటి కింద నలిగిపోకుండా రాత్రిళ్ళు చూస్తుండాలి."

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అంది నర్సమ్మ.

"దాంతోపాటు వచ్చిన పుస్తకంలో ఉంది."

పుస్తకం ఇంకా అట్టపెట్టెలోనే, విప్పని కవరులో ఉంది.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దాడు. ఒకటో నంబరునీ మూడో నంబరునీ చించేశాడు. నాలుగోది చించబోయి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తను పెట్టిన రూలు తనే తప్పడం అదే మొదలు. గదికి తాళం వేసి, దారిలో పలకరించిన వాళ్ళకి తలూపుతూ ఇంటికి నడిచాడు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, జేబులో కాగితాన్ని ఇంకా లోపలికి నెట్టాడు.

తలుపు తోసేసరికి, గోడకి చేర్చిన రెండు దిండ్లకి ఆనుకుని కూర్చున్న భార్య మాటమాటకీ ఊపిరి వెతుక్కుంటూ అడిగింది: "ఏమండీ... మన కాగితానికి... ఎన్ని చేతులు లేచాయి?"