పసుపు నీళ్ళ ప్రమాణం

“నూతిలో మందు ఆపీసింది మీ ఎర్రపెట్టోలే!” అన్నాడు తాతబ్బాయి.

“నోరు కడుక్కో బావా! ఆ కర్సు కొట్టీమన్నది మీ తెల్లపెట్టి వెంకటరమణ కాదేటి?” అన్నాడు నూకరాజు.

పంచాయతీ బోర్డు అరుగు ముందు ఊరు రెండుగా చీలి నిలబడింది. కొత్తగానుగలపాలెం అనకాపల్లికి కోసెడు దూరం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. కిందటి ఎన్నికల్లో ఎవరికీ చాలినంత బలం రాలేదు. అంతవరకూ బండబూతులు తిట్టుకున్న రెండు పార్టీలూ భుజం భుజం కలిపి బోర్డు ఎక్కాయి. ఓట్లు వేసే పెట్టె రంగే అప్పట్లో పార్టీ పేరు. ఎర్రపెట్టె సత్తియ్య ప్రెసిడెంటు, తెల్లపెట్టె వెంకటరమణ వైస్ ప్రెసిడెంటు.

ఎక్కీ ఎక్కగానే ఖర్చులు తగ్గిస్తామన్నారు. వీధి దీపాలకు కిరసనాయిలు తగ్గింది. తరవాత నూతుల్లో వేసే మందు ఆగిపోయింది. వాళ్ళిద్దరి అనకాపల్లి ప్రయాణాల ఖర్చు మాత్రం తగ్గలేదు.

ఎండలు ముదిరేసరికి కలరా వచ్చింది. ముందు గానుగల వీధి నూతికి పట్టింది. ఆ నీళ్ళు తాగిన ఇళ్ళల్లో వరసగా పాడెలు లేచాయి. ఇప్పుడు ఆ నూతి మీద తుమ్మకంప కప్పేశారు, అటువైపు పశువులను కూడా ఎవరూ తోలడం లేదు.

ఇంతలో మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. పొత్తు పుటుక్కుమంది. పాపం మీదంటే మీదని నాయకులు మొదలుపెడితే జనం అందుకున్నారు. దొందూ దొందే అన్న తెలివి ఒక్కడికీ రాలేదు. ఓటున్నవాడికి కోపం కూడా పార్టీ చూసుకునే వస్తుంది కాబోలు.

గుంపును తోసుకుంటూ కాసులమ్మ వచ్చింది. గానుగల వీధి మనిషి, నూకరాజుకు అక్క. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు పొట్టిబాబు కిందటి నెల కలరాతో పోయాడు. పన్ను కట్టే ఆస్తి లేదు కనక ఆమెకు ఓటు లేదు. ఆమెను చూసి అరుపులు ఆగాయి.

“నాకు ఒక్కటే కావాల. నా గుంటడి పేణం తీసింది ఎవులు?” అంది అరుగు మీదున్న పెద్దలతో.

సత్తియ్య వెంకటరమణను చూపించాడు. వెంకటరమణ సత్తియ్యను చూపించాడు.

“అయితే అమ్మోరి ముందు పసుపు నీల్లు తాగి, ఆ మాటే సెప్పండి బాబూ.”

ప్రమాణం నీళ్ళు తాగి అబద్ధమాడినవాడు మూడు రోజులు దాటడని ఊరి నమ్మకం. ఓటు కోసం ఏ గడ్డైనా కరిచేవాళ్ళు కూడా ఆ నీళ్ళ జోలికి పోరు. కానీ ఇంతమందిలో కాదంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఇద్దరూ తలూపారు.

మర్నాడు పొద్దున్నే గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. శారదా నదిలో మునిగి ఆ నీళ్ళు తెచ్చే పని పెద్దలు కాసులమ్మకే అప్పగించారు. కడుపుకోత పడ్డ తల్లి చేతి నీళ్ళకు సత్యం ఎక్కువట. తడిబట్టలతో, నెత్తిన ఇత్తడి బిందెతో ఆమె వచ్చింది. పూజారి సోమన్న పసుపు కలిపి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు.

సత్తియ్య గ్లాసు అందుకున్నాడు. నీళ్ళకేసి ఓసారి, అమ్మవారికేసి ఓసారి చూశాడు. తెల్లపెట్టె వాళ్ళు ఒకరినొకరు గోకి చూపించుకున్నారు.

“మందు ఆపించింది నాను కాదు. అబద్దమైతే తల్లి నన్ను తీసుకెల్లిపోవాల!” అని గటగటా తాగేశాడు.

వెంకటరమణ తానేం తక్కువ తినలేదని రెండు గ్లాసులు తాగాడు. తరవాత మెంబర్లు ఒక్కొక్కరే వచ్చారు. ఎవడు వెనకాడతాడా, ఎవడు దొరికిపోతాడా అని జనం మెడలు సాచి చూశారు. ఒక్కడూ వెనకాడలేదు. పొత్తు కట్టాక బోర్డు మొత్తం ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే.

నూకరాజుకు పౌరుషం పొడుచుకొచ్చింది.

“సత్తియ్య బాబు తరపున నానూ తాగుతాను!” అంటూ గ్లాసు ముంచాడు.

కాసులమ్మ ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టింది.

“బోర్డులో ఏటి జరిగిందో నువ్వు సూసేవా? సూడందాని మీద పెమానమేటిరా నీకు?”

పెద్దలు మెచ్చుకున్నారు. అంత దుఃఖంలోనూ ధర్మం తప్పని మనిషి అన్నారు. మిగిలిన నీళ్ళు తీర్థంగా పోయమని ఆడవాళ్ళు దోసిళ్ళు పట్టారు.

“పెమానం నీల్లు పంచుకోకూడదమ్మా,” అని కాసులమ్మ బిందె మట్టిలోకి వంచేసింది.

“మూడు రోజులు ఆగండి. తప్పెవరిదో తల్లే తేలుస్తుంది,” అన్నాడు సోమన్న.

జనం చెదిరారు. సత్తియ్య, వెంకటరమణ నవ్వుకుంటూ ఒకే బండి ఎక్కారు. తాగిన నీళ్ళు ఇద్దరికీ ధైర్యం ఇచ్చినట్టున్నాయి.

నూకరాజుకు మాత్రం మనసు ఆగలేదు. అక్క వెంట నడుస్తూ అడిగాడు.

“అందరూ తాగీసినారప్పా. ఇందులో ఎవులు పడతారంతావు?”

“సూద్దాం.”

“ఎవులూ పడకపోతే?”

కాసులమ్మ గానుగల వీధి మలుపులో ఆగింది.

“నువ్వు నడు తమ్ముడా, ఎనకే వత్తాను.”

తమ్ముడు కనుమరుగయ్యేదాకా నిలబడి, ఆ పొద్దున ఏటికి పోకుండా ఇక్కడే బిందె ముంచుకోడానికి తాను పక్కకు లాగిన తుమ్మకంపను కాసులమ్మ మళ్ళీ ఆ వీధి నూతి మీదికి జరిపింది.