ఎవరి మూర?

"ఎవురప్పా నువ్వు? దుంగల మీదనించి చెయ్యి తియ్!"

పాపాతి కేకకు కొత్తమనిషి ఉలిక్కిపడ్డాడు. నలిగిన చొక్కా, జుట్టు నిండా బస్సు దుమ్ము.

"నేను ఈ బడి కోసం..."

"ఏ బడి కోసమైతే ఏమి! పని జరిగేకాడ నీకేం పని?"

మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయిన మూడో ఏడు అది. అరవసీమలో మిగిలిన గుడియాత్తంలో తెలుగు తరగతి ఎత్తేశారు. ఆ రోషంతో మేస్త్రీ పనులు చేసుకునే తెలుగువాళ్ళే తమ చేతులతో ఈ బడి గోడలు లేపుకున్నారు.

కప్పును మోసే కొయ్య ముక్కోణాలు రెండు. ఒకటి ఇక్కడ చేసింది, రెండోది వేలూరు నుంచి బండి మీద వచ్చింది. వాటి మీదికి మొదట ఎక్కేది పాపాతి కొడుకు మారి. తెల్లవారినప్పటి నుంచీ వాడు పడతాడేమోనని ఆమెకు ఒకటే భయం.

"ఈ రెండూ సమానం కావమ్మా. ఎక్కించొద్దు," అన్నాడు కొత్తమనిషి.

వడ్రంగి ఏసుదాస్ నవ్వాడు. "మూడు మూలలకూ అచ్చుచెక్క పెట్టి చూసినా. మూడూ సరిపోయినాయి."

"మూలలు సరిపోతే రూపు ఒకటైనట్టు, కొలత ఒకటైనట్టు కాదు. ఒక్క భుజం కూడా కొలవండి."

పాపాతి కోపంతో ఊగిపోయింది. పొద్దుటి నుంచి తను లోలోపల అదిమిపెట్టుకున్న మాటే పరాయివాడి నోట వచ్చింది!

"కొబ్బరికాయ కొట్టినాక వొద్దంటావా? రాహుకాలం తరుముకొస్తా ఉండాది! నా కొడుకు పడతాడనేగా నువ్వనేది? నీ నోట మన్ను పడ! యాడనించి వచ్చినావో ఆడికే పో!"

ముంతలోని సున్నపు నీళ్ళు చిమ్మింది. చొక్కా తడిసింది.

అతను జేబులోని దారపు ఉండ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కొలిచి చూడమ్మా," అని వేలూరు బస్సు వైపు నడిచాడు.

ముక్కోణాన్ని పైకి లాగడానికి మారి గోడెక్కి తాడు వదిలాడు.

పాపాతికి మనసు నిలవలేదు. ఇక్కడి ముక్కోణం అడుగు దుంగ పొడవునా దారం పరిచి ముడి వేసింది. అదే దారం వేలూరుదాని మీద పెట్టింది.

దారం జానెడు మిగిలింది.

"దిగు నాయనా, దిగు! ఇది అవతలి గోడను అందుకోదు!" ఏసుదాస్ మీదికి తిరిగింది. "పొడుగు ఏమని చెప్పి పంపినావు?"

"పది మూరలని."

"ఎవురి మూర?"

ఏసుదాస్ తన మోచేతి వైపు చూసుకున్నాడు. వేలూరు వడ్రంగి పొట్టివాడు.

పాపాతి పరుగెత్తింది. బస్సు లేదు, దుమ్మే ఉంది.

తిరిగొచ్చేసరికి ఊరి పెద్ద జయరాములు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు, చేతిలో మల్లెపూల దండ.

"పొద్దుటి నించి రైలు స్టేషన్లో కాసుకోనుంటి. మన బడికి పాఠాలు చెప్పే అయివారు బస్సులో వచ్చినాడంట. ఈ పక్కకు ఎవురైనా వచ్చినారా పాపాతీ?"

పాపాతి చేతిలోని దారం వైపు చూసింది.

రెండేళ్ళు వెతికితే దొరికిన ఆ తెలుగు అయివారు మళ్ళీ రాలేదు. ఆ బడిలో ఆయన చెప్పిన పాఠం ఒక్కటే, నేర్చుకున్నది పాపాతి ఒక్కతే.